ఆవిరి యంత్రం లెక్క: పిస్టన్ బలంలో 196 న్యూటన్ల తేడా, టార్క్ అసలే కలవడం లేదు

మూడోసెమిస్టర్:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒకే లెక్క దగ్గర ఆగిపోయాను. పరీక్ష దగ్గరికి వచ్చేసింది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పుతున్నానో చెప్పగలరా?

అడ్డంగా ఉండే డబుల్ యాక్టింగ్ (ఆవిరి పిస్టన్‌ను రెండు వైపుల నుంచీ నెట్టే) ఆవిరి యంత్రం. సిలిండర్ వ్యాసం 300 మి.మీ., స్ట్రోక్ 400 మి.మీ., పిస్టన్ రాడ్ వ్యాసం 50 మి.మీ., కనెక్టింగ్ రాడ్ పొడవు 800 మి.మీ. వేగం నిమిషానికి 240 చుట్లు. ముందుకీ వెనక్కీ కదిలే భాగాల ద్రవ్యరాశి 100 కిలోలు. కవర్ వైపు (క్రాంక్‌కు దూరంగా ఉన్న కొస) డెడ్ సెంటర్ నుంచి, అంటే పిస్టన్ ఆ కొసకు చేరి దిశ మార్చుకునే చోటు నుంచి, క్రాంక్ 60° తిరిగినప్పుడు కవర్ వైపు ఆవిరి పీడనం గేజ్ మీద 6 బార్, క్రాంక్ వైపు 0.5 బార్. ఘర్షణ లేదనుకోవాలి. పిస్టన్ మీద ఆవిరి బలం, క్రాంక్ షాఫ్ట్ మీద టార్క్ (తిప్పే ప్రభావం) కనుక్కోమన్నారు.

గేజ్ బయటి గాలి కంటే ఎంత ఎక్కువో మాత్రమే చూపిస్తుంది కాబట్టి, నేను గేజ్ పీడనాలకు గాలి పీడనం 1 బార్ చొప్పున కలిపి అబ్సల్యూట్‌గా (మొత్తం పీడనంగా) మార్చి చేశాను. ఆవిరి బలం 39,172 న్యూటన్లు వచ్చింది. ఇచ్చిన జవాబు 38,975. టార్క్ నాకు 5,964 న్యూటన్ మీటర్లు, జవాబు 6,690. మొదటిది చిన్న తేడానే, రెండోది అలా వదిలేసేది కాదు.

ఇంజిన్‌షెడ్:
మొదటి తేడా ముందు తేల్చేద్దాం. 39,172 లోంచి 38,975 తీసేస్తే, పాయింట్ల సర్దుబాటుతో, 196 న్యూటన్లు. 50 మి.మీ. పిస్టన్ రాడ్ అడ్డుకోత వైశాల్యం 0.0019635 చదరపు మీటర్లు. దాన్ని 1 బార్‌తో, అంటే 1,00,000 పాస్కల్స్‌తో గుణించి చూడండి. 196 వస్తుంది.

పిస్టన్ రాడ్ సిలిండర్ దాటి బయటికి వస్తుంది. ఆ రాడ్ మందం మేర పిస్టన్‌ను వెనక్కి నెట్టేది ఆవిరి కాదు, బయటి గాలి. మీరు అబ్సల్యూట్ పీడనాలు వాడినప్పుడు క్రాంక్ వైపు రాడ్ వైశాల్యాన్ని తీసేశారు, అది సరైనదే. ఆ ఖాళీలో బయటి గాలి నెడుతోందన్నది మాత్రం వదిలేశారు. గేజ్ పీడనాలతో చేస్తే గాలి లెక్క దానంతట అదే రెండు వైపులా కొట్టుకుపోతుంది:

6,00,000 × 0.070686 − 50,000 × 0.068722 = 42,411 − 3,436 = 38,975 న్యూటన్లు.

అబ్సల్యూట్‌తోనూ చేయొచ్చు. చివర్లో ఆ 196 తీసేయాలి, అంతే.

మూడోసెమిస్టర్:
అర్థమైంది సర్! పిస్టన్ రాడ్ బయటి కొస మీద గాలి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. టార్క్ ఎందుకు అంత తేడా వస్తోంది? జడత్వ బలం కూడా తీసేశాను. త్వరణం 47.37 వచ్చింది, 100 కిలోలకు 4,737 న్యూటన్లు. మిగిలిన బలాన్ని సైన్ 60తో, క్రాంక్ పొడవు 0.2 మీటర్లతో గుణించాను.

బలరేఖ:
మీ త్వరణం సరిగ్గానే ఉంది. క్రాంక్ పొడవు × ఒమేగా² × (కాస్ థీటా + కాస్ 2థీటా ÷ ఎన్). ఇక్కడ ఎన్ అంటే కనెక్టింగ్ రాడ్ పొడవును క్రాంక్ పొడవుతో భాగిస్తే వచ్చే 4. థీటా క్రాంక్ తిరిగిన కోణం. ఒమేగా షాఫ్ట్ తిరిగే వేగం, సెకనుకు 25.13 రేడియన్లు. 126.33 × (0.5 − 0.125) = 47.37. పూర్తి సూత్రంతో చేసినా 60° దగ్గర తేడా రెండో దశాంశ స్థానంలో గానీ కనబడదు.

తప్పు ఆ తర్వాత జరిగింది. పిస్టన్ బలం నేరుగా క్రాంక్ పిన్‌కి చేరిందనుకుని సైన్ 60తో గుణించేశారు. దారిలో కనెక్టింగ్ రాడ్ ఉంది, అది వంకరగా ఉంది. ఒక్కో కీలు దగ్గర ఆగి చూడండి.

క్రాస్‌హెడ్ (పిస్టన్ రాడ్, కనెక్టింగ్ రాడ్ కలిసే కీలు) దగ్గర మూడు బలాలు కలుస్తాయి. పిస్టన్ రాడ్ నెట్టే బలం 38,975 − 4,737 = 34,238. కనెక్టింగ్ రాడ్ తన పొడవు వెంట తిప్పికొట్టే బలం. క్రాస్‌హెడ్‌ను తిన్నగా నడిపించే గైడ్ బార్ నిలువుగా ఇచ్చే ఒత్తిడి. రాడ్ వంపు కోణం ఫై అనుకుంటే సైన్ ఫై = సైన్ 60 ÷ 4 = 0.2165, అంటే ఫై 12.5°. అడ్డంగా సరితూగాలంటే రాడ్‌లో బలం × కాస్ ఫై = 34,238 కావాలి. కాబట్టి రాడ్‌లో ఉన్నది 35,070 న్యూటన్లు. పిస్టన్ నెట్టిన దానికంటే ఎక్కువ! ఇక్కడ చాలామంది బెదిరిపోతారు, బెదరాల్సింది ఏమీ లేదు. గైడ్ మీద ఒత్తిడి 34,238 × టాన్ ఫై = 7,593 న్యూటన్లు.

ఇప్పుడు క్రాంక్ పిన్ దగ్గరికి రండి. రాడ్‌కీ క్రాంక్‌కీ మధ్య కోణం 60 కాదు, 60 + 12.5 = 72.5°. స్పర్శరేఖ దిశలో బలం 35,070 × సైన్ 72.5 = 33,448. దాన్ని 0.2తో గుణిస్తే 6,690 న్యూటన్ మీటర్లు. మీ జవాబు ఇదే. మిగతా 10,543 న్యూటన్లు క్రాంక్ పొడవు వెంట షాఫ్ట్ బేరింగ్ మీదికి పోతాయి. వాటితో టార్క్ రాదు గానీ బేరింగ్ మీద భారం పడుతుంది.

శక్తిలెక్క:
బలరేఖ గారి జవాబును ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. పరీక్షలో నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను. ఘర్షణ లేనప్పుడు పిస్టన్ దగ్గర లోపలికి వెళ్లిన పవర్ షాఫ్ట్ దగ్గర బయటికి రావాలి. పిస్టన్ వేగం సెకనుకు 4.91 మీటర్లు. 34,238 × 4.91 అంటే సుమారు 168 కిలోవాట్లు. అటువైపు 6,690 × 25.13 కూడా 168 కిలోవాట్లే. కలిసింది.

వేగానికి సులువు సూత్రం (సైన్ థీటా + సైన్ 2థీటా ÷ 2ఎన్) వాడితే 4.90 వస్తుంది. అప్పుడు చివరి అంకెల్లో కాస్త తేడా కనబడితే కంగారు పడకండి.

నీలిదారం:
నాకో సందేహం. గైడ్ మీద 7,593 న్యూటన్లు నొక్కుతున్నాయి కదా. అంత బలం వృథా అయినట్టేనా?

బలరేఖ:
కాదండీ. క్రాస్‌హెడ్ ఆ దిశలో అంగుళం కూడా కదలదు. కదలిక లేనిచోట పని లేదు. ఘర్షణ ఉంటేనే ఆ ఒత్తిడి వల్ల నష్టం. పిస్టన్ నుంచి షాఫ్ట్ దాకా ఒక్క జౌల్ కూడా వంకరతనం వల్ల పోలేదని పైన శక్తిలెక్క గారు చూపించింది అదే.

లోకోఫిట్టర్:
గైడ్ మాట వచ్చింది కాబట్టి, చేతులతో పనిచేసినవాడిగా ఒక విషయం చెప్పాలనిపిస్తోంది. ఏళ్ల తరబడి ఆవిరి లోకోల క్రాస్‌హెడ్‌లు విప్పాను. సిలిండర్ ముందుండి చక్రం వెనక ఉండే ఇంజిన్ ఎక్కువగా ముందుకే నడిస్తే పై గైడే అరుగుతుంది. కొత్తల్లో నాకు వింతగా ఉండేది. పిస్టన్ ఒకసారి నెడుతుంది, ఒకసారి లాగుతుంది కదా, ఒత్తిడి కూడా ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఉండాలి కదా అనుకునేవాణ్ని.

బొమ్మ గీసుకుంటే తేలింది. ఇంజిన్ ముందుకు పోతుంటే, పిస్టన్ వెనక్కి నెట్టే సమయంలో క్రాంక్ పిన్ చక్రం కింది సగంలో ఉంటుంది. రాడ్ కిందికి వాలి, నొక్కుడులో ఉంటుంది. నొక్కుడులో ఉన్న రాడ్ క్రాస్‌హెడ్‌ను తన నుంచి దూరంగా, అంటే పైకి తోస్తుంది. తర్వాతి స్ట్రోక్‌లో పిన్ పై సగంలోకి వస్తుంది, పిస్టన్ లాగుతుంది. ఇప్పుడు లాగుడులో ఉన్న రాడ్ క్రాస్‌హెడ్‌ను తన వైపుకు, అంటే మళ్లీ పైకే గుంజుతుంది. బలం దిశ మారింది, రాడ్ వాలు కూడా మారింది. రెండూ కలిసి ఒత్తిడిని పైనే ఉంచేశాయి. ఇంజిన్ వెనక్కి నడిస్తే అంతా కింది గైడ్ మీదికి దిగుతుంది.

పుస్తకంలో టాన్ ఫై అని ఒక్క ముక్కలో ఉండేదాన్ని గైడ్ బార్ అరుగుదల మీద వేలితో తడిమి చూడొచ్చు. ఇది తెలిసిన రోజు నాకెంత ఆనందమైందో!

మూడోసెమిస్టర్:
సర్, ఇది ఏ క్లాసులోనూ వినలేదు. చాలా థ్యాంక్స్.

స్థిరచట్రం:
ఒక అభ్యంతరం. జడత్వ బలం తీసేశామని అందరూ రాస్తున్నారు. పిస్టన్‌ను వెనక్కి నెట్టేవాళ్లు ఎవరున్నారు? అలాంటి బలమే లేదు. ఇది పిల్లలకు తప్పు అలవాటు చేయడమే.

బలరేఖ:
మాట సరైనదే. దాన్ని బలంగా రాయడం డాలంబెర్ట్ పద్ధతి. కదిలేదాన్ని నిలకడగా ఉన్నదానిలా లెక్క కట్టడానికి ఒక సౌకర్యం. అసలు జరిగేది ఇది: ఆవిరి 38,975 న్యూటన్లతో నెట్టింది, అందులో 4,737 న్యూటన్లు ఆ 100 కిలోల ఇనుమును పరుగెత్తించడానికే సరిపోయాయి, మిగతా 34,238 క్రాస్‌హెడ్ పిన్ దాటి ముందుకు వెళ్లాయి. న్యూటన్ రెండో నియమంతో రాసినా ఇవే అంకెలు వస్తాయి. ప్రమాదం ఎక్కడంటే, ఒకే లెక్కలో రెండు పద్ధతులూ కలిపి జడత్వాన్ని రెండుసార్లు తీసేయడంలో. అది నేను చాలా జవాబు పత్రాల్లో చూశాను.

స్థిరచట్రం:
ఇలా చెబితే నాకు అభ్యంతరం లేదు. "పరుగెత్తించడానికి సరిపోయింది" అన్న మాట బాగుంది.

కట్ఆఫ్:
లెక్క వరకు సరే. నిజమైన యంత్రంలో 60° దగ్గర ఇంకా 6 బార్ ఉంటుందా అన్నది కూడా చూడాలి. అసలు రుచి అక్కడే ఉంది.

ఆవిరిని స్ట్రోక్ మొత్తం రానివ్వరు. కొంతదూరం పోయాక వాల్వ్ మూసేస్తుంది, లోపలున్న ఆవిరి వ్యాకోచిస్తూ పిస్టన్‌ను నెడుతుంది. స్ట్రోక్‌లో పావువంతు, అంటే 100 మి.మీ. దగ్గర కట్-ఆఫ్ అనుకుందాం. కనెక్టింగ్ రాడ్ వంపును పట్టించుకోకపోతే 60° దగ్గర పిస్టన్ సరిగ్గా 100 మి.మీ. కదిలిందని వస్తుంది. నిజానికి కదిలేది 119 మి.మీ. రాడ్ వాలినకొద్దీ దాని అడ్డపు పొడవు తగ్గుతుంది. ఆ తగ్గిన 19 మి.మీ. మేర పిస్టన్ క్రాంక్ వైపుకు ముందే వచ్చేస్తుంది. 90° దగ్గర కూడా పిస్టన్ మధ్యలో ఉండదు, మధ్య దాటి 25.4 మి.మీ. వెళ్లిపోయి ఉంటుంది.

కాబట్టి 60° దగ్గర ఆవిరి అప్పటికే వ్యాకోచించడం మొదలుపెట్టింది. సిలిండర్ చివర మిగిలే ఖాళీని వదిలేసి, పీడనం × ఘనపరిమాణం మారదనుకుంటే, 7 బార్ అబ్సల్యూట్ కాస్తా 5.88కి దిగుతుంది. ఆవిరి బలం 31,080 న్యూటన్లు. జడత్వం పోగా 26,343. టార్క్ 5,147. 6,690 కాదు. 19 మి.మీ.కి ఇంత విలువ!

ఇప్పుడు అదే స్ట్రోక్‌లో 120° చూడండి. పిస్టన్ 319 మి.మీ. కదిలింది. పీడనం 2.19 బార్ అబ్సల్యూట్‌కి పడిపోయింది. ఆవిరి బలం 5,007 న్యూటన్లు మాత్రమే. త్వరణం మాత్రం గుర్తు మార్చుకుంది: 126.33 × (−0.5 − 0.125) = −78.96. పిస్టన్ వేగం తగ్గుతోంది. ఆ 100 కిలోలు ఆగడానికి ఇష్టపడక క్రాంక్‌ను నెడుతున్నాయి. ఆ తోపుడు 7,896 న్యూటన్లు, ఆవిరి కంటే ఎక్కువ. మొత్తం 12,903, టార్క్ 1,949.

జడత్వం లేదనుకుని రెండు చోట్లా కట్టండి. 60° దగ్గర 6,072, 120° దగ్గర 756. జడత్వంతో 5,147, 1,949. ఆవిరి బలంగా ఉన్నప్పుడు ఇనుము కొంత దాచుకుంటుంది, ఆవిరి నీరసించినప్పుడు తిరిగి ఇస్తుంది. మొత్తం చుట్టులో జడత్వం చేసే నికర పని సున్నా. టార్క్ ఎగుడుదిగుళ్లను మాత్రం ఇలా సర్దుతుంది.

మూడోసెమిస్టర్:
ఇన్నాళ్లూ జడత్వం అంటే తీసేయాల్సిన చెత్త అనుకున్నాను. అయితే వేగం పెంచితే ఇంకా సాఫీగా నడుస్తుందా?

ఇంజిన్‌షెడ్:
కొంతవరకే. జడత్వ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. మీ యంత్రంలోనే డెడ్ సెంటర్ దగ్గర చూడండి: 126.33 × 1.25 × 100 = 15,791 న్యూటన్లు. ఆవిరి బలం 38,975 కాబట్టి రాడ్ ఇంకా నొక్కుడులోనే ఉంది. అదే యంత్రాన్ని నిమిషానికి సుమారు 377 చుట్లు తిప్పితే రెండూ సమానమవుతాయి. అది దాటితే స్ట్రోక్ మొదట్లో ఆవిరి ఒక్కటే పిస్టన్‌ను కదిలించలేదు, క్రాంకే దాన్ని లాగాల్సి వస్తుంది. స్ట్రోక్ మధ్యలో ఎక్కడో రాడ్ లాగుడు నుంచి నొక్కుడుకు మారుతుంది. బేరింగ్‌లో వదులు ఉంటే ఆ మారే చోట టక్ మని కొట్టుకుంటుంది.

ఆ టక్‌కు భయపడే కొందరు సింగిల్ యాక్టింగ్ (ఆవిరి ఒకవైపు నుంచే నెట్టే) యంత్రాలకు మళ్లారు. విలన్స్ సెంట్రల్ వాల్వ్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు ఒక గదిలో గాలిని నొక్కిపెట్టి, ఆ ఒత్తిడితో రాడ్‌ను ఎప్పుడూ నొక్కుడులోనే ఉంచేవారు. దిశ మారకపోతే వదులున్నా చప్పుడు రాదు.

కాగితంస్కేలు:
సూత్రాలు గుర్తుండనివాళ్లకు క్లైన్ నిర్మాణం, అంటే గీతలు గీసి పిస్టన్ వేగం, త్వరణం కనుక్కునే పద్ధతి, చెబుతాను. నాకు ఇదే ప్రాణం.

యంత్రాన్ని స్కేలుకు గీయండి. కనెక్టింగ్ రాడ్ గీతను క్రాంక్ పిన్ దాటి పొడిగించి, షాఫ్ట్ కేంద్రం దగ్గర నిలబెట్టిన లంబాన్ని తాకేదాకా తీసుకెళ్లండి. కేంద్రం నుంచి ఆ బిందువు దాకా ఉన్న దూరాన్ని ఒమేగాతో గుణిస్తే పిస్టన్ వేగం. ఈ లెక్కలో ఆ దూరం 195.4 మి.మీ., వేగం 4.91. తర్వాత కనెక్టింగ్ రాడ్ వ్యాసంగా ఒక వృత్తం గీయండి. క్రాంక్ పిన్ కేంద్రంగా, పొడిగించిన ముక్క వ్యాసార్ధంగా ఇంకో వృత్తం. రెండూ ఖండించుకున్న బిందువులను కలిపే గీత పిస్టన్ కదిలే రేఖను ఎక్కడ కోస్తుందో చూడండి. అక్కడి నుంచి షాఫ్ట్ కేంద్రానికి 75 మి.మీ. వస్తుంది. 0.075 × 631.65 = 47.37. త్వరణం చేతికొచ్చింది!

పెన్సిల్ మొన సన్నగా ఉంచుకోండి. డెడ్ సెంటర్ల దగ్గర మాత్రం రాడ్ గీత, క్రాంక్ గీత, పిస్టన్ కదిలే రేఖ ఒకదాని మీద ఒకటి పడతాయి, అక్కడ సూత్రమే మేలు.

నీలిదారం:
ఆ 100 కిలోల్లో కనెక్టింగ్ రాడ్ కూడా ఉందా? అది అటూ ఇటూ కదులుతుంది, తిరుగుతుంది కూడా కదా.

కట్ఆఫ్:
మంచి ప్రశ్న. రాడ్‌ను రెండు ద్రవ్యరాశులుగా విడగొట్టి, ఒకటి క్రాస్‌హెడ్ దగ్గర, ఒకటి క్రాంక్ పిన్ దగ్గర పెడతారు. రాడ్ 90 కిలోలు ఉండి దాని గరిమనాభి క్రాంక్ పిన్ నుంచి 280 మి.మీ. దూరంలో ఉంటే, క్రాస్‌హెడ్ వాటా 90 × 280 ÷ 800 = 31.5 కిలోలు. ఆ వాటాను కలిపాకే 100 కిలోలని లెక్కల్లో ఇస్తారు. మిగతా 58.5 కిలోలు క్రాంక్‌తో పాటు తిరుగుతాయి, ఎదురు బరువు పెట్టి వాటిని పూర్తిగా సరిచేయొచ్చు. ఇలా విడగొడితే బరువు, గరిమనాభి కలుస్తాయి గానీ రాడ్ జడత్వ భ్రామకం సరిగ్గా కలవదు. ఆ తేడాకు చిన్న సవరణ యుగ్మం కలుపుతారు. మీ సిలబస్‌లో ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

లోకోఫిట్టర్:
ముందుకీ వెనక్కీ కదిలే ఆ 100 కిలోలను తిరిగే బరువుతో పూర్తిగా సరిచేయలేం. అడ్డంగా సరిచేద్దామని చక్రంలో బరువు పెంచితే అదే బరువు చక్రం తిరిగేటప్పుడు నిలువుగా పట్టాలను కొడుతుంది. దాన్నే హ్యామర్ బ్లో అంటారు. అందుకే కొంతభాగమే సరిచేసి మిగతాది వదిలేస్తారు.

శక్తిలెక్క:
ఇంత బలం మోసే ఈ క్రాంక్‌ను జేమ్స్ వాట్ మొదట్లో వాడలేకపోయాడు. ఆవిరి యంత్రానికి క్రాంక్ వాడకం మీద జేమ్స్ పికార్డ్ 1780లో పేటెంట్ తీసుకున్నాడు. వాట్ దాన్ని తప్పించుకోవడానికి 1781లో సూర్య-గ్రహ గేర్‌కు పేటెంట్ పొందాడు. పిస్టన్ రాడ్‌ను తిన్నగా నడిపించడానికి 1784లో ఆయన తెచ్చిన సమాంతర చలన యంత్రాంగం గైడ్ బార్ చేసే పనే కీళ్లతో చేస్తుంది. క్రాస్‌హెడ్ దగ్గర మనం కట్టిన ఆ 7,593 న్యూటన్ల వంటి పక్క ఒత్తిడిని ఎవరో ఒకరు మోయాలి కదా.

మూడోసెమిస్టర్:
నిన్న రాత్రి కూర్చుని తిరుగు స్ట్రోక్ కూడా కట్టాను. తప్పుంటే చెప్పండి. కట్-ఆఫ్ రెండు వైపులా 100 మి.మీ. దగ్గరే అనుకున్నాను.

240° దగ్గర పిస్టన్ క్రాంక్ వైపు కొస నుంచి 81 మి.మీ. మాత్రమే కదిలింది. అంటే ఆవిరి ఇంకా వస్తూనే ఉంది, పూర్తి 6 బార్. రాడ్ వైశాల్యం తీసేస్తే బలం 37,699. జడత్వం 7,896 తీసుకుంటుంది. మిగిలింది 29,803, టార్క్ 4,501. 300° దగ్గర 281 మి.మీ. కదిలింది. ఆవిరి బలం 6,712, జడత్వం 4,737 ఇస్తుంది, టార్క్ 2,237.

వెళ్లేటప్పుడు 5,147, 1,949. వచ్చేటప్పుడు 4,501, 2,237. ఒకే యంత్రం, ఒకే ఆవిరి, రెండు స్ట్రోకులూ ఒకేలా లేవు!

కట్ఆఫ్:
నాలుగూ సరైనవే. తేడాకు మొదటి కారణం ఆ 19 మి.మీ. వెళ్లేటప్పుడు కలుస్తుంది, వచ్చేటప్పుడు తగ్గుతుంది. త్వరణం రెండు కొసల్లో వేరుగా ఉండేది కూడా ఆ వంపు వల్లే. అసలు యంత్రంలో వాల్వ్ రెండు వైపులా ఒకే క్రాంక్ కోణం దగ్గర మూసుకుంటే కట్-ఆఫ్ దూరాలే వేరైపోతాయి. వాల్వ్ సెట్ చేసేవాళ్లకు అదే తలనొప్పి.

ఇంకో పని చేయండి. చుట్టు మొత్తానికి పని కట్టి సగటు టార్క్ తీయండి.

మూడోసెమిస్టర్:
కట్టాను. వ్యాకోచంతో సగటు పీడనం (7 ÷ 4) × (1 + సహజ లాగ్ 4) = 4.176 బార్. ఎదురు పీడనం 1.5 తీసేస్తే 2.676. రెండు వైపుల వైశాల్యాలు కలిపి, 0.4 మీటర్లతో గుణిస్తే చుట్టుకు 14,922 జౌల్స్. దాన్ని 6.283తో భాగిస్తే సగటు టార్క్ 2,375 న్యూటన్ మీటర్లు. సెకనుకు 4 చుట్లు కాబట్టి పవర్ దాదాపు 60 కిలోవాట్లు.

అంటే 60° దగ్గర టార్క్ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ, డెడ్ సెంటర్ల దగ్గర సున్నా. ఆ మిగులును దాచి ఆ కొరతను తీర్చేది ఫ్లైవీల్ కదా సర్?

ఇంజిన్‌షెడ్:
అవును. 2,375 దగ్గర ఒక అడ్డగీత గీస్తే, దాని పైన వంపు కింద ఉన్న వైశాల్యం ఫ్లైవీల్ దాచుకునే శక్తి. లోకోలో ఫ్లైవీల్ ఉండదు కాబట్టి రెండు సిలిండర్ల క్రాంకులను 90° తేడాతో పెడతారు. ఒకటి డెడ్ సెంటర్‌లో ఉంటే రెండోది గట్టిగా తిప్పుతుంది. మీ యంత్రానికి ఎంత ఫ్లైవీల్ కావాలో చెప్పాలంటే నాలుగు బిందువులు చాలవు.

మూడోసెమిస్టర్:
15 డిగ్రీలకు ఒకటి చొప్పున 24 బిందువులు కట్టి, గ్రాఫ్ షీట్ మీద గీసి రేపు ఇక్కడే పెడతాను.